డాబా మీద మూత్రపిండం

జనవరి 20, సోమవారం

టీవీ లేదు, ఫోను లేదు, లైటు కూడా వద్దంటోంది షెకీనా. కర్టెన్లు వేసి పడుకోబెట్టాను. ఆయన ఆఫీసుకు వెళ్ళారు. మాట్లాడటానికి ఎవరూ లేక ఇది తీసి రాస్తున్నాను.

స్కానింగ్‌లో ఏమీ లేదు, దేవునికి స్తోత్రం. కోచింగ్ నుంచి వస్తూ స్నేహితురాలి స్కూటీ వెనక కూర్చుందట. కార్ఖానా దగ్గర కుక్క అడ్డమొచ్చి ఇద్దరూ పడ్డారు. ఆ పిల్లకు మోచేయి గీరుకుపోయింది. మా పిల్లకు తల. మెదడు అదిరిందన్నారు డాక్టరుగారు. అక్షరం చూడకూడదు, స్క్రీన్ చూడకూడదు, తగ్గడానికి వారాలు పట్టొచ్చు, నెలలు కూడా పట్టొచ్చు.

"సర్, మే నెలల నాకు నీట్ ఉంది" అంది షెకీ. కట్టు కట్టించుకున్నాక అది మాట్లాడిన మొదటి మాట అదే.

"చూద్దాంలేమ్మా" అన్నారు డాక్టరుగారు.

ఆ 'చూద్దాం' నాకు నచ్చలేదు.

జనవరి 23

అన్నం తింది. వాంతి కాలేదు.

జనవరి 29, బుధవారం

"పడుకొని పడుకొని పిచ్చి లేస్తుందమ్మా. నువ్వు చదువు, నేను వింట" అంది. డాక్టరుగారికి ఫోన్ చేశాం. తల నొయ్యనంతసేపు వినొచ్చన్నారు.

దాని బయాలజీ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేనా, ఎల్‌కేజీ టీచర్ని. రోజంతా యాపిల్, బాల్ అని చెప్పే గొంతుతోనే కణం గురించి మొదటి పేరా చదివాను. షెకీ కళ్ళు మూసుకునే నవ్వింది.

"అమ్మా, ఇప్పుడు సెల్‌కి టాటా చెప్పాల్నా?"

పడిన తర్వాత ఇదే మొదటి నవ్వు. ఇంకో రెండు పేరాలు ఆ గొంతుతోనే చదివాను, కావాలని.

ఫిబ్రవరి 3, సోమవారం

నేను చదువుతున్నదాంట్లో సగం నాకే అర్థం కావడం లేదు. ఆయనతో చెబితే ఇంటర్ తెలుగు మీడియం పుస్తకాలు కోఠీ నుంచి పాతవి పట్టుకొచ్చారు. బాటనీ రెండు, జువాలజీ రెండు.

"బిడ్డది ఇంగ్లీష్ మీడియం కద, ఇవెందుకు నీకు?" అన్నారు బల్ల మీద పెడుతూ.

"దానికి చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదండీ."

అంతే. షెకీ కోసమే.

అట్ట తెరవగానే 'దారువు' కనపడింది. ఎన్నేళ్ళకు! తెనాలిలో మా బాటనీ మేడమ్ ఆ మాట పలుకుతూ సుద్దముక్కతో నల్లబల్ల మీద నిలువుగా గీత గీసేది, నీళ్ళు కింది నుంచి పైకి పోతాయని.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మా ఇద్దరిదీ ఒక భాష తయారైంది. నేను దారువు అంటే అది జైలమ్ అంటుంది. నేను పత్రరంధ్రం అంటే అది స్టొమాటా అంటుంది. ఈరోజు ఫ్లోయమ్ దగ్గర ఆగాం.

"దాన్ని మీరేమంటరు?"

"పోషక కణజాలం."

"గంత పొడుగా? ఆ పేరు రాసేలోపు బెల్ కొడ్తరమ్మా."

ఫిబ్రవరి 12

నీట్ అప్లికేషన్ ఆయన కట్టేశారు. రాసే సంగతి తర్వాత, కట్టడమైతే కట్టాలి కదా అన్నారు. షెకీ అది విని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఫిబ్రవరి 19, బుధవారం

బెండకాయ వేపుడు మాడింది. రేపు షెకీకి చెప్పాల్సినది ముందే చూసుకుందామని పుస్తకం పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాను. నాచుమొక్కల అధ్యాయం. ఒక తరం తర్వాత ఇంకో తరం, అమ్మమ్మ పోలికలు మనవరాలికి వచ్చినట్టు. ఎంత బాగుందో.

ఆ భాగం షెకీ సిలబస్‌లోంచి తీసేశారట. సాయంత్రం తనే చెప్పింది.

అయినా నాలుగు పేజీలే మిగిలాయి. మధ్యలో వదిలేస్తే బాగుండదని పూర్తి చేశాను.

ఫిబ్రవరి 25

ఇంటర్ పరీక్షలయిన వేసవిలోనే నా పెళ్ళి. అప్పుడు బాధపడలేదు, సికింద్రాబాద్ చూస్తానని సంతోషపడ్డాను. ఇప్పుడూ బాధపడటం లేదు. ఊరికే రాస్తున్నాను.

మార్చి 4, మంగళవారం

ఏం రాయాలో తెలియడం లేదు.

భోజనాల దగ్గర ఆయన సరదాగా పాత ప్రశ్నపత్రం తీసి షెకీని అడగడం మొదలుపెట్టారు. చదవకుండా వినే చెప్పొచ్చు కదా అని. మొదటిది చెప్పింది. రెండోదానికి ఆలోచిస్తూ ఉంది. ఇన్సులిన్ ఏ కణాల నుంచి వస్తుంది అన్నది ప్రశ్న. నా నోట్లోంచి వచ్చేసింది. మూడోది కూడా. నాలుగోదానికి ఆయన నా వైపే తిరిగి అడిగారు, నవ్వుతూ. నేను చెప్పాను.

షెకీ చెయ్యి కడుక్కోకుండానే లేచింది.

"నాకు వచ్చింది సుత మర్చిపోతున్న. నీకు రానిది సుత వస్తుంది. అది నా ఎగ్జామ్ అమ్మా, నీది కాదు. నువ్వే రాయి పో."

తలుపు గట్టిగా వేసుకుంది. ఆ చప్పుడుకు దానికే తల నొప్పి పుట్టి ఉంటుంది.

"తెలిసి చేసినవా ఏంది? పరేషాన్ కాకు కృపా" అన్నారు ఆయన.

తెలిసి చేయలేదు. కానీ నాలుగోది చెప్పేటప్పుడు నాకు సంతోషంగా ఉంది. అది షెకీ చూసింది.

మార్చి 5

చదవలేదు.

మార్చి 6

చదవలేదు. స్కూల్లో పిల్లలకు రంగులు వేయించాను.

మార్చి 8

చదవలేదు. పుస్తకాలు బీరువా మీదికి ఎక్కించాను. చేతికి అందనంత ఎత్తు ఏమీ కాదు.

మార్చి 11, మంగళవారం

స్కూలు నుంచి వచ్చి టీ పెడుతుంటే షెకీ వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, కిడ్నీ నాకు అర్థమైతలేదు."

"పుస్తకం చూశావా?"

"జెరంత. నెఫ్రాన్ బొమ్మ. ఇంత చిన్నగుంటది, గీతలన్నీ కలిసిపోతున్నయ్. తల పగిలిపోతుంది." కణతలు రుద్దుకుంది. "నువ్వు చెప్పు. నువ్వు మంచిగ చెప్తవ్."

టీ పొంగింది. ఇద్దరం ఒకేసారి స్టవ్ ఆపబోయాం. చేతులు తగిలాయి. అది నా చెయ్యి వదల్లేదు.

"బొమ్మ చిన్నగా ఉంటేనే కదా తలనొప్పి?" అన్నాను.

"ఊఁ."

"పెద్దగా గీస్తే?"

మార్చి 12, బుధవారం

ఈరోజు సంగతి అంతా రాయాలి.

స్కూలు నుంచి రంగుసుద్దలు ఒక డబ్బా అడిగి తెచ్చుకున్నాను. ఎండ తగ్గాక షెకీకి టోపీ పెట్టి డాబా మీదికి తీసుకెళ్ళాను. అది నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుంది. నేను నైటీ పైన చున్నీ బిగించి, పుస్తకం ఒక చేత్తో పట్టుకుని, నెఫ్రాన్ గీయడం మొదలుపెట్టాను. మెట్ల దగ్గర ఎర్రసుద్దతో రక్తనాళాల చుట్ట, దాని చుట్టూ తెల్లసుద్దతో గిన్నెలాంటి బౌమన్ గుళిక. అక్కడి నుంచి పసుపు రంగు గొట్టం మెలికలు తిరుగుతూ డిష్ యాంటెన్నా దాకా. తర్వాత హెన్లీ శిక్యం, పిట్టగోడ దాకా దిగి మళ్ళీ పైకి. మళ్ళీ మెలికలు. చివరికి నీలంసుద్దతో సంగ్రహణ నాళం, వాననీళ్ళు పోయే తూము దగ్గరికి. గొట్టం పొడుగునా పక్కనే ఎర్రగీత కూడా గీశాను, రక్తం పోయే దారి. మధ్యలో మనిషి నడిచేంత వెడల్పు ఉంచాను.

మోకాళ్ళు పట్టేశాయి. నిలబడి చూసుకుంటే డాబా మొత్తం ఒకటే మూత్రపిండపు గొట్టం.

"ఇప్పుడు నువ్వు గ్లూకోజ్‌వి. నడువు" అన్నాను.

షెకీ నవ్వుతూ లేచింది. ఎర్రచుట్టలో నిలబడి, గిన్నెలోకి అడుగేసి, పసుపు గొట్టంలో రెండు మెలికలు తిరిగింది. ఆగి నా వైపు చూసింది. నేను పెదవులు బిగించుకున్నాను. అది కళ్ళు మూసుకుని ఆలోచించింది.

"నేను ఇక్కడే వాపస్ పోవాలె కద? నేను బాడీకి కావాలె. యూరిన్‌ల పోతే షుగర్ ఉన్నట్టు." అని గొట్టం గీత దాటి పక్కనున్న ఎర్రగీత మీదికి దూకింది.

అప్పుడే పక్కింటి సుమిత్ర ఆరేసిన బట్టలు తీయడానికి పైకి వచ్చి మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"ఏందొదినా, మీరు సుత ముగ్గేస్తున్నరా? ఇదేం ముగ్గు, అటుపోయి ఇటొచ్చింది?"

"మూత్రపిండం సుమిత్రా."

"అయ్యో రామ!"

"ఆంటీ, మీరు రాండ్రి, ఒక్క నిమిషం" షెకీ ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "మీరు యూరియా. ఇక్కడ షురూ చేసి ఆ తూము దాకా నడవాలె."

సుమిత్ర బట్టల సంగతి మరిచి గొట్టమంతా నడిచింది. శిక్యం దగ్గర చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మరీ దిగి ఎక్కింది. తూము దగ్గర ఆగి, "ఇప్పుడేం జేయాలె?" అంది.

"అంతే ఆంటీ. మీరు బయటికి పోయిన్రు."

"అంటే? నన్ను మూత్రంల పంపిన్రా తల్లీబిడ్డలు!"

ఆవిడ నవ్వుకు కింద వీధిలో నడిచేవాళ్ళు తలెత్తి చూశారు. సరిగ్గా అప్పుడే ఆయన ఆఫీసు బ్యాగుతో పైకి వచ్చారు, ఇంట్లో ఎవరూ లేరేమని వెతుక్కుంటూ. ఎర్రచుట్ట మధ్యలో నిలబడి "ఏందిది?" అన్నారు.

"డాడీ, అక్కడే ఉండు! నువ్వు ప్రోటీన్. నువ్వు పెద్దగుంటవ్, ఫిల్టర్ కావు."

ఆయన తన పొట్ట వైపు చూసుకున్నారు. "జర తగ్గిస్తే పోతనా?"

"నువ్వు పోతే జబ్బు డాడీ. నువ్వు ఉండాల్సిందే."

ఆయన నిజంగానే కదలకుండా అక్కడే నిలబడ్డారు, బ్యాగు చేత్తో పట్టుకుని, మేం పిలిచేదాకా.

పుస్తకంలో బొమ్మ కింద పదమూడు పేర్లున్నాయి. కిందికి దిగేటప్పుడు షెకీ అన్నీ చెప్పింది, చూడకుండా. తలనొప్పి లేదు.

మార్చి 16, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే షెకీ ఆటోలో నా చెవి దగ్గర చెప్పింది.

"ఆ రోజు కోపంల అన్న, నువ్వే రాయి పో అని. ఇప్పుడు మంచిగ అంటున్న. నువ్వు రాయమ్మా."

"నేను డాక్టరునా ఈ వయసులో?"

"నీట్ కాదు. సీయూఈటీ. యూనివర్సిటీల బీఎస్సీకి. వయసు అడగరంట, తెలుగుల రాయొచ్చంట. నా ఫ్రెండ్ చెప్పింది."

నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చి చీర మార్చుకునేటప్పుడు కూడా నవ్వు వస్తూనే ఉంది. అది వేళాకోళపు నవ్వు కాదు.

మార్చి 17

ఆయనతో చెప్పాను. విని, పెరుగన్నం తిని పేపరు చదువుకున్నారు. అయిపోయింది, మంచిదే. నాకు మాత్రం ఏం తీరిక ఉంది.

మార్చి 18, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చి షూ విప్పుతూ మొదలుపెట్టారు.

"యూనివర్సిటీ వాళ్ళకి ఫోన్ చేసిన. వయసుతోటి తక్లీఫ్ ఏం లేదన్నరు. రైలు సికింద్రాబాద్‌ల ఎక్కితే ఆడ దిగొచ్చు, సీటు సుత దొరుకుతది పొద్దుగాల."

నేను నిలబడే ఉన్నాను.

"నిన్న రాత్రి లెక్క జూసిన" అన్నారు. "మా ఆఫీసుల రిటైర్మెంట్ అరవైకి. నీకింక ఇరవై ఏండ్లుంది. డిగ్రీకి మూడు పోనీ, బీఎడ్‌కి రెండు పోనీ. పదిహేనేండ్లు బయాలజీ టీచర్ చేయొచ్చు. తక్కువనా?"

నిన్న పేపరు చదువుతున్నారనుకున్నాను. లెక్క వేస్తున్నారన్నమాట.

మార్చి 20

అప్లై చేశాం. ఫోటోలో నేను బాగా రాలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

షెకీ ఇప్పుడు తనే చదవగలుగుతోంది, మధ్యమధ్యలో కళ్ళు మూసుకుంటూ. డాక్టరుగారు ఈసారి 'చూద్దాం' అనలేదు, 'రాయి' అన్నారు. సాయంత్రాలు ఇద్దరం భోజనాల బల్లకు చెరోవైపు కూర్చుంటాం. ఒకే అధ్యాయం, రెండు భాషలు. మొదట ఎవరు పూర్తి చేస్తే వాళ్ళు టీ పెట్టక్కర్లేదు. ఈ వారం టీ అంతా నేనే పెట్టాను. ఫిజిక్స్ పుస్తకం తీసినప్పుడు మాత్రం నేను లేచి వెళ్ళిపోతాను.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

ఆరాధనలో సిలువ మీద ప్రభువు దప్పిక గురించి చెబుతున్నారు పాస్టరుగారు. ఏటా వినేదే. ఈసారి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు మెదడు నుంచి వచ్చే హార్మోన్ గుర్తొచ్చింది. అది చెప్పగానే మూత్రపిండాలు ఒక్కో బొట్టూ దాచిపెడతాయి. ప్రభువు ఒంట్లోనూ దాచే ఉంటాయి కదా, చివరిదాకా, ఇంక దాచడానికి ఏమీ లేనంతవరకూ.

ఏడుపొచ్చింది. పక్కన ఆయన రుమాలు ఇచ్చారు. షెకీకి తర్వాత చెబితే అది నవ్వలేదు.

మే 4, ఆదివారం

షెకీ రాసింది.

చివర్లో తల దిమ్ముగా అయితే బల్ల మీద తల ఆనించి పడుకుందట. ఇన్విజిలేటర్ వచ్చి నీళ్ళు ఇచ్చారట. ఫిజిక్స్ చాలా వదిలేసింది.

"బయాలజీ?"

"కిడ్నీ నుంచి ప్రశ్న వచ్చింది. సుమిత్ర ఆంటీ కనపడ్డది."

బయటికి వచ్చినప్పుడు దాని ముఖం చూసి, ఎన్ని మార్కులని అడగబుద్ధి కాలేదు. కుర్చీలో కూర్చుని మూడు గంటలు రాసింది. జనవరిలో కర్టెన్ తీయనిచ్చేది కాదు.

మే 22, గురువారం

నా పరీక్ష. గేటు దగ్గర లైనులో ఒక పిల్లవాడు "ఆంటీ, పేరెంట్స్ అటు సైడ్" అని దయగా చెప్పాడు. హాల్‌టికెట్ చూపించాను. "సారీ ఆంటీ" అన్నాడు, మళ్ళీ "ఆల్ ద బెస్ట్ ఆంటీ" అన్నాడు.

కంప్యూటర్ ముందు మౌస్‌ను రెండు చేతులా పట్టుకున్నాను. మొదటి ప్రశ్న చూశాక ఒకటి తీశాను. కొన్ని తెలియవు. తెలియనివి వదిలేశాను. బయటికి వచ్చేసరికి షెకీ, ఆయన చెట్టు కింద నిలబడి ఉన్నారు, నేను కోచింగ్ సెంటర్ల ముందు నిలబడినట్టే, చేతిలో నీళ్ళసీసాతో.

జూన్ 14, శనివారం

షెకీ మార్కులు వచ్చాయి. ఎంబీబీఎస్‌కు చాలవు.

పొద్దున ఏడ్చింది. మధ్యాహ్నం ఆయన బిర్యానీ తెస్తే తింది. సాయంత్రం ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది.

"మళ్ళ రాస్త. ఒక్క ఏడాది. ఈసారి మొత్తం నా కండ్లతోటి నేనే చదువుకుంట."

"సరే" అన్నారు ఆయన. నాకు ఈయన మీద ఎప్పుడూ ఇంత ప్రేమ కలగలేదేమో.

జూలై 9, బుధవారం

నా ఫలితాలు వచ్చి వారమవుతోంది. బాగానే వచ్చాయి. సీటు రావచ్చంటున్నారు. రాకపోయినా పరవాలేదు. షెకీకి ఇంట్లో మనిషి కావాలి ఈ ఏడాది.

జూలై 24

సీటు వచ్చింది. బాటనీ.

వద్దని చెప్పాను. ఇంకో ఏడాది ఆగుతానన్నాను. దానికి చదివి వినిపించడానికి, టీ పెట్టడానికి, తలనొప్పి మళ్ళీ వస్తే పక్కన ఉండటానికి.

షెకీ విన్నంతసేపూ విని, "నాకోసం ఆగుతున్నవా, భయమైతుందా?" అని అడిగింది.

నేను దానికోసమేనన్నాను.

"అట్లనా." నా పక్కన కూర్చుంది. "నాకు సుత భయమే అమ్మా, మళ్ళ రాయాలంటే. ఇంట్ల ఒక్కదాన్నే కూర్చుంటే ఎక్కువైతది. నువ్వు ఆడ క్లాస్‌ల కూర్చున్నవని తెలిస్తే నేను ఈడ కూర్చుంట."

భయంగానే ఉంది. ఇక్కడైనా రాస్తున్నాను.

జూలై 31, గురువారం

స్కూల్లో చివరి రోజు. పిల్లలు టాటా చెప్పారు, రేపు మళ్ళీ వస్తాననుకుని.

ఆగస్టు 4, సోమవారం

క్లాసులోకి వెళ్ళగానే అందరూ లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు. కూర్చోండి కూర్చోండి అని, నేనూ కూర్చున్నాను, మూడో బెంచీలో. వాళ్ళ ముఖాలు చూడాలి! పక్కన కూర్చున్న పిల్ల నెమ్మదిగా "ఆంటీ, పెన్ను ఉందా?" అంది. ఉంది. నాలుగున్నాయి.

ఆగస్టు 12, మంగళవారం

రైల్లో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా పోతున్నాయి.

ఈరోజు మొదటి ప్రాక్టికల్. నీటిమొక్క ఆకు ఒకటి, గోరంత కూడా లేదు, గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. నా వంతు రాగానే కన్ను ఆనించాను. మొదట ఏమీ లేదు, నా కనురెప్ప వెంట్రుకలే. పక్కన ఉన్న మరను నెమ్మదిగా తిప్పమన్నారు. తిప్పాను.

ఇటుకలు పేర్చినట్టు కణాలు. ఒక్కో దాంట్లో ఆకుపచ్చ గింజలు, హరితరేణువులు. అవి ఆగి లేవు. గోడ వెంబడే ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి, చిన్నగా, తొందర లేకుండా. ఎవరో నడిపిస్తున్నట్టు. ఈ సంగతి పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది, నేనే షెకీకి చదివి వినిపించాను. బొమ్మ కూడా ఉంటుంది. బొమ్మలో అవి చుక్కలు.

వెనక పిల్లలు ఆగారు. "ఆంటీ, అయ్యిందా?" అన్నారు. "ఇంకొక్క నిమిషం నాన్నా" అన్నాను. ఎవరూ విసుక్కోలేదు.

రైలెక్కగానే షెకీకి ఫోన్ చేశాను.

"కదులుతున్నాయే" అన్నాను.

"ఏందమ్మా?"

"ఆకులో. లోపల. కదులుతున్నాయి."

అటు కుర్చీ జరిపిన చప్పుడు, పుస్తకం మూసిన చప్పుడు వినపడ్డాయి.

"మొదటి నుంచి చెప్పు" అంది. "మెల్లగ చెప్పు."